పదిహేడో నంబరు జవాబు పత్రం

జగ్గయ్యపేటలో దశరథరామయ్యది బట్టల కొట్టు. ముందు గదిలో చీరలు. వెనక గదిలో దేశ రహస్యాలు.

"అర్జెంటు జెరూషా," మీటరు బద్ద పక్కన పెట్టాడు చీఫ్. "విదేశాల్లో మన ఏజెంట్లు పదకొండు మంది. సెలక్షన్‌లో వాళ్లు రాసిన సైకలాజికల్ టెస్ట్ రిపోర్టుల్ని ఎవరో విదేశీ ముఠాకి పంపుతున్నారు. ఎవరికి దేనికి భయమో తెలిస్తే ఇక వాళ్లకి తుపాకీ ఎందుకు? ఇవాళ పన్నెండింటికల్లా చేరిపోతాయి, నందిగామ టెస్టింగ్ సెంటర్ నుంచి."

"ఎవరండి?"

"తెలీదు. అక్కడ సైకాలజిస్టు నిఖిత మన మనిషే, సాయం చేస్తుంది. రిపోర్టులు మాత్రం నువ్వు చదవకూడదు. ఎవరివైనా సరే."

ఎవరిది చదవొద్దంటున్నాడో జెరూషాకి తెలుసు. జాయిస్‌ది. ఇద్దరూ ఒకే రోజు టెస్ట్ రాశారు. జాయిస్‌కి దుబాయ్ వచ్చింది. జెరూషాకి చిల్లకల్లు హైవే మీద లారీల నంబర్లు రాసుకునే డ్యూటీ వచ్చింది.

మిరప విత్తనాలమ్మే మనిషి వేషంలో నందిగామలో దిగింది.

"మున్నేరు పొంగిందా?" తలుపు సందులోంచి గొంతు.

"మోకాలి లోతే."

కోడ్ కలిసింది. తలుపు తెరిచిన నిఖిత సినిమా తారలా ఉంది. గదంతా సెంటు వాసన. గోడ గడియారం పదకొండూ యాభై ఏడు.

"దొంగ జాయిసే," సీలు వేసిన కవరు అందించింది నిఖిత. "ఆమె రిపోర్టు. చదువు, నీకే తెలుస్తుంది."

జాయిసే దొంగైతే ఎంత బాగుండు! జెరూషా చెయ్యి ముందుకెళ్లింది.

"మొహమాటమెందుకమ్మా? ఇంటర్వ్యూ రోజు ఆమె నెమలికంఠం రంగు చీర చూసి నీకు అన్నం కూడా సయించలేదుగా!"

చెయ్యి ఆగింది.

ఆ మాట జెరూషా అమ్మతో కూడా అనలేదు. టెస్టులో 'నాకు అసూయ కలిగింది' అన్న చోట, ఖాళీలో రాసింది. విదేశాలకి పంపినవాళ్ల రిపోర్టుల మీదే పేరు వేస్తారు, మిగతా పేపర్ల మీద నంబరే ఉంటుంది. ఏ నంబరు ఎవరిదో చెప్పే లిస్టు చీఫ్ బీరువాలో ఉంటుంది. దిద్దేవాళ్లకి కూడా చూపించరు. దొంగిలించినవాళ్లకే తెలియాలి.

"పదిహేడో నంబరు నేనేనని నీకెవరు చెప్పారు నిఖితా?"

నిఖిత నవ్వు ఆరిపోయింది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ వచ్చింది. జెరూషా విత్తనాల ప్యాకెట్ చించి మొహాన కొట్టింది. అందులో ఉన్నది మెత్తటి గుంటూరు కారం. నిఖిత కళ్లు పట్టుకుని కూలబడింది.

తెర వెనక లాప్‌టాప్. రిపోర్టులన్నీ కలిపి ఒకే ఫైలు, మొత్తం చేరితేగాని తెరుచుకోదు. తొంభై ఏడు శాతం వెళ్లిపోయింది.

జెరూషా వాచీలో సిగ్నల్‌ని ఆపే జామర్ ఉంది. బటన్ మీద వేలు పెట్టింది. తెర మీద కనిపిస్తున్న పేర్లలో ఆఖరిది జాయిస్. ఇది వెళ్తే దుబాయ్ సీటు ఖాళీ. జాయిస్ తిరిగి వస్తుందో రాదో.

తొంభై ఎనిమిది. వేలు కదల్లేదు.

తొంభై తొమ్మిది.

నొక్కింది. తెర మీద అంకె అక్కడే ఆగిపోయింది.

సాయంత్రం కవరు చీఫ్ ముందు పెట్టింది. సీలు చెక్కుచెదరలేదు.

"చదవాలనిపించలేదా?"

"చచ్చేంత అనిపించిందండి. కావాలంటే నా రిపోర్టులో రాసుకోండి." గొంతు తగ్గించింది. "ఒక్కటి చెప్పండి సార్. జాయిస్ ఆ చీర ఎక్కడ కొంది?"

దశరథరామయ్య వెనక అరలో ఉన్న నెమలికంఠం రంగు మడతల మీదికి మెల్లగా గుడ్డ లాగాడు.

"కస్టమర్ల వివరాలు కాన్ఫిడెన్షియల్ అమ్మా."