చూడకుండానే వద్దన్నవాడు

కొండల్లో తీరిగ్గా ఒక రోజు గడపడమంటే నాన్నగారి దృష్టిలో ప్రతి మలుపులోనూ కారు ఆపించి, "ఇక్కడి గాలి చూశారా" అనడం. గాలిని చూడడం ఆయనకొక్కరికే వచ్చిన విద్య. కారు నడిపేది మాత్రం కూతురు. ఆమె పళ్ళ డాక్టరు. ఎదుటివాళ్ళ నోరు తెరిపించి, మాట్లాడనివ్వకుండా కూర్చోబెట్టడం ఆమె ఉద్యోగం. కారులో ఆ సదుపాయం లేదు.

వెనక సీట్లో అమ్మానాన్నలు, నాన్నగారి చిన్ననాటి స్నేహితుడు మావయ్యగారు. ముందు సీట్లో మావయ్యగారి కొడుకు, పశువుల డాక్టరు. మొదట అతను వెనక, నాన్నగారు ముందు కూర్చున్నారు. ఘాట్ రోడ్డు మొదలవగానే ముఖం పాలిపోతే, అందరూ కలిసి ముందుకు మార్చారు. అందరూ అంటే, ఆమె తప్ప.

ఏడాది క్రితం వీళ్ళిద్దరికీ సంబంధం అనుకున్నారు. ఫొటోలు అటూ ఇటూ వెళ్ళాయి. తర్వాత ఒకరోజు నాన్నగారు వచ్చి, అబ్బాయి వద్దన్నాడని చెప్పారు. ఆమె ఏమీ బాధపడలేదు. బాధపడలేదని తెలియడానికి చాలా రోజులు ఇంట్లో నవ్వుతూ తిరిగింది, అంతే.

"వాంతి వచ్చేలా ఉంటే ముందే చెప్పండి," అంది స్టీరింగ్ తిప్పుతూ. "చూడకుండానే వద్దనేవాళ్ళు, చెప్పకుండానే కానిచ్చేస్తారేమో."

అతను అర్థంకానట్టు చూశాడు. ఏదో అడగబోయేలోపు రోడ్డుకి అడ్డంగా గొర్రెల మంద వచ్చింది. నాన్నగారు వెనకనుంచి, పశువుల డాక్టరు ఉండగా మనకి దిగులేమిటన్నారు. అతను పరువు కోసం దిగాడు. గొర్రెలు అతని డిగ్రీని ఏమాత్రం ఖాతరు చేయలేదు. ఒకటి చొక్కా అంచు నమలడం మొదలుపెట్టింది. అతను చొక్కా లాక్కోకుండా, దాని తల నిమురుతూ, అది వదిలేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు.

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వకూడదని గుర్తొచ్చేసరికి ఆలస్యమైపోయింది.

ఇంకాస్త పైకి వెళ్ళాక వాన పట్టుకుంది. ముందు దారి కనిపించక, రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర ఆగారు. పెద్దవాళ్ళు లోపలికి వెళ్ళారు. వీళ్ళిద్దరూ చూరు కింద మిగిలారు. వాన ఏటవాలుగా కొట్టి, వాళ్ళని అనవసరంగా దగ్గరికి జరిపింది.

"ఇందాక ఏమన్నారు?" అన్నాడతను. "వద్దన్నది మీరు కదా."

"నేనా?"

"పశువుల డాక్టర్ని చేసుకోనన్నారని మా నాన్న చెప్పారు. ఫోన్లోంచి మీ ఫొటో తీసేయమన్నారు."

"తీసేశారా?"

అతను వానకేసి చూశాడు. "లేదు."

ఆమె గిరుక్కున తిరిగి లోపలికి వెళ్ళింది. అతను వెనకే నడిచాడు. అసలు వద్దన్నదెవరని ఆమె అడిగేసరికి, ఇద్దరు తండ్రుల చేతుల్లోనూ టీ గ్లాసులు నోటిదాకా వెళ్ళి ఆగిపోయాయి.

అమ్మకి మాత్రం లెక్క తేలిపోయింది. "ఆ వారమే కదా, చదరంగం దగ్గర మీరిద్దరూ కొన్నాళ్ళు మాటలు మానేసింది," అంది నిదానంగా. "ఆ కోపంలో సంబంధం కూడా తెంపేసి, ఇక్కడ అబ్బాయి వద్దన్నాడని, అక్కడ అమ్మాయి వద్దందని చెప్పారన్నమాట."

మావయ్యగారు తల దించుకుని, గుర్రాన్ని కదిపాక వెనక్కి తీసుకుంటే ఎవరికైనా కోపం రాదా అని గొణిగారు. తను ముట్టుకున్నానే గానీ కదపలేదన్నారు నాన్నగారు. ముట్టుకుంటే కదిపినట్టే అన్నారు మావయ్యగారు. ఇద్దరు పిల్లల జీవితాల సంగతి పక్కకి పోయి, గుర్రం మళ్ళీ బల్ల మీదికొచ్చింది.

ఆమెకి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఏడాదిగా లోపల ఎక్కడో నొక్కుకుంటున్నదేదో అదే సమయంలో వదిలిపోయింది. అతన్ని మళ్ళీ బయటికి, చూరు కిందికి పిలిచింది.

"వీళ్ళ చేత కబురు పంపితే ఇలాగే ఉంటుంది. అడిగేదేదో నన్నే అడగండి."

అతను తడిచొక్కా సర్దుకున్నాడు. ఇంతసేపూ అలవాటైపోయిన ఆమె వ్యంగ్యం కోసం ఒక్క క్షణం ఎదురుచూశాడు. అది రాలేదు.

"నన్ను చేసుకుంటారా?"

"ఊఁ," అంది, తనకే వినిపించనంత మెల్లగా.

లోపలినుంచి నాన్నగారు తల తిప్పి, ఏమిటమ్మా అంటున్నావని అడిగారు.

"మీరు మీ గుర్రం సంగతి చూసుకోండి," అంది అమ్మ. "పిల్లలు మాట్లాడుకుంటున్నారు."

లేచి వచ్చి, వాళ్ళిద్దర్నీ బయటే ఉంచి, తలుపు దగ్గరగా వేసింది.