క్వెతెన్ ఒకటో తారీకు

"చచ్చినా ఆ ఊరు రాను," అన్నాడు విటెక్.

"చావకుండానే రా. టికెట్లు తీసేశాం," అంది కలీనా.

విటెక్‌ది పోలండ్‌లో వ్రొత్స్వాఫ్ నగరం. ఆర్కిటెక్చర్ రెండో ఏడు చదువుతూ, శని ఆదివారాలు ఒక బేకరీ కౌంటర్లో నిలబడతాడు. కలీనా, బోరిస్ అతని క్లాసువాళ్ళు. మే నెల మొదట్లో సెలవులొస్తే వాళ్ళిద్దరూ ప్రాగ్ ప్రయాణం పెట్టారు. ప్రాగ్ పేరెత్తితేనే విటెక్‌కి ఒంటి మీద కారం చల్లినట్టుంటోంది. అందుకు కారణం ఒక అమ్మాయి.

ఫిబ్రవరిలో ఒక పొద్దున్న ఎర్ర స్కార్ఫ్ చుట్టుకుని బేకరీకి వచ్చింది. తన చెక్ భాషలో రొట్టె అడిగింది. చెక్, పోలిష్ అప్పచెల్లెళ్ళలాంటి భాషలు. ఒకరి మాట ఒకరికి ముప్పాతిక వంతు అర్థమవుతుంది. కొంప ముంచేది ఆ మిగిలిన పాతికే.

"చెర్స్త్వీ రొట్టె ఉందా?" అంది.

పోలిష్‌లో చెర్స్త్వీ అంటే ఎండిపోయినది. నదిలో బాతులకి వేస్తుంది కాబోలనుకుని విటెక్ నిన్నటి రొట్టెల్లో వెతికి మరీ ఒకటి ఇచ్చాడు. కాసేపటికల్లా ఆ రొట్టె తిరిగొచ్చి కౌంటర్ మీద ఠంగుమంది.

"దీంతో గోడకి మేకు కొట్టొచ్చు. తాజాది అడిగితే ఇదా ఇచ్చేది?"

"తాజాది ఎప్పుడడిగావు? ఎండినది కావాలన్నావు. నీకోసమని బాగా గట్టిదే ఏరాను."

"చెర్స్త్వీ అంటే తాజాదే!"

"మీ ఊళ్ళోనేమో. మా ఊళ్ళో పళ్ళూడతాయి."

ఆ పిల్ల కొరకొరా చూసింది. తర్వాత పకపకా నవ్వింది. ఆ నవ్వుకి విటెక్ చేతిలో ట్రే జారింది. పేరు వెండులా. ప్రాగ్‌లో కీలుబొమ్మల తయారీ చదువుతోంది. విద్యార్థుల బొమ్మలాటల పోటీకి వచ్చింది. ఉన్న రెండు రోజులూ వంతెనల మీద తిరుగుతూ, ఇటు మాటకి అటేం అర్థమో, అటు మాటకి ఇటేం అర్థమో చెప్పుకుంటూ కడుపులు పట్టుకుని నవ్వారు.

బస్సెక్కేముందు విటెక్ ఫోన్ నంబరు అడిగాడు.

"ఇవ్వను. ఫోనయితే ఆ అనువాదాల యాప్ మన మధ్యలో దూరుతుంది. అంతగా కావాలంటే నువ్వే రా. క్వెతెన్ ఒకటో తారీకు మధ్యాహ్నం, పెట్రిన్ కొండ మీద చెర్రీ తోట. గోడ పక్కన మొదటి చెట్టు."

"దేనికి?"

"వస్తే తెలుస్తుంది."

విటెక్‌కి స్పష్టంగానే వినిపించింది. తమ పోలిష్‌లో క్వెచెన్, అంటే ఏప్రిల్.

ఏప్రిల్ ఒకటిన క్లాసు ఎగ్గొట్టి వెళ్ళాడు. మంచూ వానా కలిసి కురుస్తున్నాయి. చెర్రీ చెట్టుకి పువ్వు మాట దేవుడెరుగు, ఆకు కూడా లేదు. చీకటి పడేదాకా దాని కింద తడిశాడు. ఎవరూ రాలేదు. తిరుగు బస్సులో పక్కవాడి పేపర్ మీద తేదీ చూస్తే అప్పుడు బుర్రలో వెలిగింది. ఏప్రిల్ ఒకటి! పూలు లేని రోజున పూల చెట్టు కిందికి పిలిచి, తను రాకుండా, ఎంత చక్కగా ఫూల్‌ని చేసింది!

ఇదీ కారణం. అయినా కలీనా ఊరుకుంటేనా? "ఆ పిల్లేమన్నా ఊరంతా తన పేర రాయించుకుందా?" అని రెక్క పట్టుకుని బస్సెక్కించింది.

మర్నాడు, అంటే మే ఒకటిన, కొండ కిందిదాకా వచ్చి విటెక్ మొండికేశాడు.

"ఆ కొండెక్కమంటే మాత్రం నా వల్ల కాదు. మీరు వెళ్ళి రండి."

"ఒరేయ్, చెట్లేం చేశాయిరా నిన్ను?" అన్నాడు బోరిస్.

"ఎగతాళి చేశాయి."

వాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. విటెక్ అక్కడే ఒక బీరు కొట్టు ముందు ఆరుబయట వేసిన బల్ల దగ్గర ముఖం గంటు పెట్టుకుని కూర్చున్నాడు. పక్క బల్ల దగ్గర ఒక ముసలి జంట. తాత బీరు గ్లాసు వదలడం లేదు. బామ్మ ఆయన చొక్కా లాగుతోంది.

"లేవయ్యా. బీరెక్కడికీ పోదు. క్వెతెన్ ఒకటి మళ్ళీ ఏడాదికి గానీ రాదు."

విటెక్‌కి ఆ చిరాకులోనూ నవ్వొచ్చింది. "బామ్మగారూ, అది పోయి నెలయింది. ఇవాళ మే ఒకటి."

"మే కాదని ఎవరన్నారు నాయనా? మేనెలనే మేం క్వెతెన్ అంటాం."

"మరి ఏప్రిల్‌ని?"

"దుబెన్."

"ఎప్పట్నుంచి?"

"నేను పుట్టకముందు నుంచి," అన్నాడు తాత. "నీకేమన్నా అభ్యంతరమా అబ్బాయ్?"

విటెక్ కుర్చీ వాళ్ళ వైపు లాక్కున్నాడు. "అయితే... ఇవాళ కొండ మీద ఏముంటుంది?"

"ఏముంటుంది, ముద్దులు!" అంది బామ్మ. "ఇవాళ పూసిన చెట్టు కింద ముద్దు పెట్టించుకోని ఆడపిల్ల ఏడాదంతా ఎండిపోతుందంటారు. ఈయన మహా బద్ధకస్తుడు గానీ, పెళ్ళయ్యాక ఒక్క ఏడూ నన్ను ఎండనివ్వలేదు."

వెండులా మోసం చెయ్యలేదు! గుండెల మీద నుంచి బండ దించినట్టయింది విటెక్‌కి. ఆ వెంటనే ఇంకో సంగతి తట్టింది. ఎందుకు పిలిచిందో ఇప్పుడు తెలిసింది. చర్చి గంటలు మధ్యాహ్నం దాటిపోయిందని ఇందాకే చెప్పాయి. ఇవాళ కూడా దొరక్కపోతే ఆమెని ఈ మహానగరంలో ఏ మూలని వెతకడం?

కొండెక్కే రైలు దగ్గర జనం బారులు తీరి ఉన్నారు. విటెక్ దారిన పడి పరుగు తీశాడు. సగం దూరంలో కలీనా, బోరిస్ ఎదురయ్యారు.

"ఒరేయ్, ఎక్కడికిరా?"

"క్వెతెన్! ఇవాళే!"

"ఏప్రిల్ అయిపోయింది కదరా!"

"అయింది! కానీ ఇంకా కాలేదు! తర్వాత చెప్తా!"

"వీడికి ఎండ తగిలింది," అన్నాడు బోరిస్.

తోటంతా తెల్లగా విరగబూసి ఉంది. ఏ చెట్టు కింద చూసినా ఒక జంట. కొన్నిచోట్ల వెనక ఇంకో జంట వంతు కోసం కాచుకుని ఉంది. గోడ పక్కన మొదటి చెట్టు కిందా ఎవరో ఇద్దరు ముద్దు పెట్టుకుంటున్నారు. ఆ అమ్మాయి వెండులా కాదు.

అంతలో చెట్టుకి అవతల ఎర్ర స్కార్ఫ్ కనిపించింది. వెండులా సంచీ భుజాన వేసుకుంటోంది.

"వెండులా!"

ఆమె తిరిగి చూసింది. చేతులు కట్టుకుంది.

"ఇదా రావడం? వచ్చిన ప్రతి జంటా నన్ను చూసి జాలిపడిపోతోంది. ఒకాయనైతే, ఉండమ్మా, మా తమ్ముణ్ణి పిలుస్తానని ఫోన్ కూడా చేశాడు."

"తమ్ముడొచ్చాడా?" అన్నాడు విటెక్ రొప్పుతూ.

"దారిలో ఉన్నాడట."

"నేను ఆలస్యంగా రాలేదు వెండులా. ఏప్రిల్ ఒకటినే వచ్చాను."

"ఏప్రిల్‌లో ఎవరు రమ్మన్నారు?"

"నువ్వే! మా భాషలో క్వెచెన్ అంటే ఏప్రిల్."

వెండులా నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నిలబడి నవ్వలేక గడ్డిలో కూలబడి నవ్వింది. ఉన్నట్టుండి నవ్వు ఆగిపోయింది.

"ఆ రోజు మంచు కురిసింది కదూ?"

"కురిసింది."

"ఎంతసేపున్నావు?"

"చీకటి పడేదాకా. ఏప్రిల్ ఫూల్‌ని చేశావనుకున్నాను. నెలంతా నిన్ను తిట్టుకున్నాను."

"గట్టిగానా?"

"చాలా గట్టిగా. నువ్వు మోసం చెయ్యలేదని ఇప్పుడే తెలిసింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను."

వెండులా లేచి అతనికి దగ్గరగా వచ్చింది. కళ్ళలో నీళ్ళు నిలిచాయి.

"క్షమించు విటెక్. నేనే నెల రోజులు ఆలస్యంగా వచ్చాను."

ఆమె ముఖం అతనికి ఎంతో దగ్గరలో ఉంది. సరిగ్గా అప్పుడే వెనక ఎవరో ఆయాసపడుతూ వచ్చి ఆగారు.

"ఏమండీ, ఇక్కడ ముద్దు కోసం ఎదురుచూస్తున్న అమ్మాయి ఎవరండీ? మా అన్నయ్య పంపాడు."

"ఇంక ఎదురుచూడటం లేదు," అన్నాడు విటెక్, అటు తిరిగైనా చూడకుండా.

వెండులా మళ్ళీ నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు మీదే ముద్దు పెట్టాడు.