భయం వడపోసిన బొమ్మ

2084 నాటికి విశాఖ సముద్రం ఒడ్డున, జపాన్ సరుకుల కోసమే కట్టిన తొమ్మిది అంతస్తుల సకురా మేడ ఉంది. కింద తీగలు, చిప్పులు. పైన కామిక్ పుస్తకాలు, పాత వీడియో గేములు, జానెడు కార్టూన్ బొమ్మలు. గాజు లిఫ్టులో కుర్రకారు నవ్వుతూ ఎక్కి దిగుతున్నా, వరహాలమ్మ మాత్రం అది తెగిపోతుందేమోనని కళ్ళు మూసుకుని, అన్నం క్యారేజీని గుండెకు హత్తుకుని ఎనిమిదో అంతస్తు చేరింది. కూతురు నీలాంబరి ప్రయోగశాల అక్కడే. పిల్ల ఇంటి మొహం చూసి నెలలు దాటింది.

“చిక్కిపోయినావే! జొరమేటి?” అంది క్యారేజీని కూతురి బల్ల మీద పెడుతూ.

“లేదమ్మా. ఈ ఆప్తబొమ్మ ఇవాళ సరిగ్గా పలక్కపోతే మా పని మూసేస్తారు.”

“పలికితే?”

“నీతో ఇంటికొచ్చేస్తాను.”

ఆప్తబొమ్మ అంటే మనిషి మాటలు విని మమకారం నేర్చుకునే యంత్రం. దాని తలలోని న్యూరల్ చిప్‌కు నీలాంబరి తన తల్లి ఫోన్ మాటలనే పాఠాలుగా పెట్టింది. అయినా కొన్నవాళ్ళంతా ఆప్యాయత లేదంటూ తిరిగి తెచ్చి ఇచ్చేస్తున్నారు.

ఏమంటుందో చూద్దామని వరహాలమ్మ గుమ్మం దాకా నడిచి, “ఎళ్ళొస్తానే బొమ్మా” అంది.

నీలి జడల బొమ్మ తల వంచింది. “మంచిది. మళ్ళీ దయచేయండి.”

“ఇదేటే, బేంకులో మిషన్లాగ!”

“నీ మాటల్లోంచి భయాన్ని వడపోసేశానమ్మా. ఆ నస ఎవరిక్కావాలి?”

వరహాలమ్మ మొహం చిన్నబోయింది. “అది తీసీస్తే నా దగ్గర ఇంకేటుంటాదే?”

నీలాంబరి తెర వైపు తిరిగింది. భయవడపోతను, ఆ ఫియర్ ఫిల్టర్‌ను, ఆపేసింది. తల్లి మళ్ళీ గుమ్మం దాటబోయింది.

“ఆగమ్మా! ఆ లిఫ్టొద్దు, మెట్లు దిగు. కమ్మీ పట్టుకో. చేరగానే ఫోన్ చెయ్యి.” బొమ్మ గొంతు వణికింది.

నీలాంబరి ఎగిరి గంతేసింది.

“పద మరి, ఇంటికి.”

“ఇప్పుడెలాగమ్మా! అన్ని బొమ్మలకీ ఇది ఎక్కించాలి. నువ్వెళ్ళు.” ఆమె కళ్ళు తెర మీదే ఉన్నాయి.

వరహాలమ్మ కమ్మీ పట్టుకుని మెట్లు దిగింది. ఇంటికి చేరగానే కూతురికి ఫోన్ చేసింది. మొదటి రింగుకే ఎత్తారు.

“చేరావా? కాళ్ళు నొప్పెట్టాయా? అన్నం తిన్నావా?”

పిల్ల ఎన్నాళ్ళకి అడిగింది! ఆమె కళ్ళు నిండాయి. “తింటానే తల్లీ. మరి నువ్వో?”

“నేను బొమ్మనమ్మా. నీలాంబరి పనిలో ఉంది.” గొంతు తగ్గించి అంది: “క్యారేజీ మూత ఇంకా తియ్యలేదు. వదలకుండా దగ్గుతోంది. నాకు భయంగా ఉంది.”

వరహాలమ్మ కుర్చీ లాక్కుని కూచుంది. ఇన్నేళ్ళలో ఆ మాట తనతో అన్నవాళ్ళు ఎవరూ లేరు.

“నాకూనమ్మా,” అంది. “ఆ దగ్గు... పొడి దగ్గా, కఫముందా?”