ఏడో పేజీ, రెండు చేతుల కట్టు

“కోమలీ, రేపు పదకొండు గంటలకు కౌన్సిల్ మీటింగ్. ఆ లోపు ఏడో పేజీ నా చేతికి రాకపోతే నూట ఇరవై కుటుంబాలు వీధిన పడతాయి.”

చీఫ్ ఏకాంబరం ఎప్పుడూ గొంతు పెంచడు. రేణిగుంట రోడ్డులో పాత మార్కెట్ పడగొట్టి మాల్ కడుతున్నారు. మాల్‌కు పదేళ్లు ఆస్తిపన్ను మినహాయింపు. బదులుగా మార్కెట్ వాళ్లందరికీ అందులో షాపులు ఇవ్వాలి. ఆ షరతు ఉన్నది ఒప్పందం ఏడో పేజీలో. మాల్ వెనకున్న విదేశీ ముఠా ఆ పేజీ తీసేసి నకిలీది పెట్టింది. కమిషనర్ సంతకమున్న అసలు పేజీని ఏజెంట్ కోమలి ముఠా లాకర్లోంచి ఎత్తుకొచ్చింది.

“గేటు దగ్గర వాళ్ల మనుషులుంటారు, మారువేషంలో రా. నేను హాల్లో అటెండర్‌ని. చెవి మీద ఎర్ర పెన్సిల్. కోడ్, కదంబం ఏడు మూరలు.”

వేషం ఆలోచన తోటి ఏజెంట్ రాజశ్రీది. “చెయ్యి విరిగినట్టు పుత్తూరు కట్టుతో వెళ్తే ఎవరూ ఆపరు” అంది, నల్లకళ్లద్దాలు సవరించుకుంటూ.

పొద్దున ఏడింటికి పుత్తూరు. రాజశ్రీ ఫోన్ మాట్లాడుతోంది. వైద్యుడు వెదురు బద్దలు తెచ్చేలోగా కోమలి పేజీని కుడిచేతి గుడ్డల మధ్య దూర్చింది. హ్యాండ్‌బ్యాగ్‌లోని సీల్డ్ కవర్లో తెల్లకాగితం పెట్టడం ఆమె పాత అలవాటు. గుడ్డుసొన, ఆకుపసరు, బద్దలు. కట్టు బిగిసింది.

“ఎడమది కూడా విరిగింది పెద్దాయనా” అని రాజశ్రీ కన్ను గీటింది. వేషం గట్టిగా ఉంటుందని కోమలి ఒప్పుకుంది.

పదిన్నరకు కారు కార్పొరేషన్ ఆఫీసు గేటుకు కాస్త ఇవతల ఆగింది. డ్రైవర్ సీట్లోంచి రాజశ్రీ వెనక్కి వంగి హ్యాండ్‌బ్యాగ్ లాక్కుంది.

“పేజీ ఇందులోనేగా? నాకు దుబాయ్‌లో ఫ్లాట్ ఇస్తున్నారు, డార్లింగ్.”

క్లిక్. బయటినుంచి తలుపులు లాక్ చేసి వెళ్లిపోయింది.

సీటుబెల్టు బటన్ నొక్కాలంటే వేళ్లు కావాలి. వేళ్లన్నీ కట్టు లోపలే. చెవికమ్మలో రిసీవర్ పనిచేస్తోంది. జవాబిచ్చే బటన్ మాత్రం ఉంగరంలో ఉంది. ఉంగరం కూడా కట్టు లోపలే.

“కోమలీ, రిపోర్ట్. ఎక్కడున్నావ్?”

హాలుకు నలభై గజాల దూరంలో ఉంది. ఎండకు కారు కాలిపోతోంది. గొంతు చించుకుని అరిచింది. ఒక పెద్దమనిషి అద్దంలోంచి తొంగిచూశాడు.

“ఓర్చుకో తల్లీ! మొదటి రోజు అట్టనే నొప్పి ఉంటాది!”

“రెండు చేతులూనా! బండి ఎట్ట తోలిందో!” అంది ఆయన భార్య. ఇద్దరూ వెళ్లిపోయారు. వేషం అంత బాగా కుదిరింది.

“పదీ యాభై. కోమలీ?”

ఆమె ఎడమచేత్తో అద్దాన్ని కొట్టింది. మళ్లీ కొట్టింది. నాలుగో దెబ్బకు మణికట్టు నుంచి భుజం దాకా మంట. ఐదో దెబ్బకు అద్దం పొడిపొడిగా రాలింది.

మీటింగ్‌కు పూలదండలు తీసుకెళ్తున్న నాగులమ్మ బుట్టతో సహా పరుగెత్తుకొచ్చింది.

“ఏంది పాపా! కట్టు కట్టింది అద్దాలు పగలగొట్టేదానికా?”

“అక్కా, నీ అంగడి యాడ?”

“పాత మార్కెట్లో. మాల్‌లో ఇస్తామని సెప్పినారు.”

“ఆ మాట రాసిన కాగితం ఈ కుడిచేతిలో ఉండాది. కొయ్యి!”

నాగులమ్మ ఒక్క క్షణం చూసింది. దారం కోసే కత్తెర తీసింది. మణికట్టు పైన కరకరా కోసింది, వేళ్లు మాత్రం కట్టులోనే ఉండిపోయాయి. పసరు అంటి పచ్చబడిన కాగితం బయటికొచ్చింది. సంతకం చెక్కుచెదరలేదు.

“చెవి మీద ఎర్ర పెన్సిల్ పెట్టుకున్న అటెండర్‌కి ఇయ్యి. ‘కదంబం ఏడు మూరలు’ అని చెప్పు.”

“ఈ పొద్దు కదంబం తేలేదే!”

“అయినా చెప్పక్కా!”

“నీ బెల్టు?”

“టైం లేదు. నన్ను కార్లో పెట్టి తాళమేసింది నల్లకళ్లద్దాల రాజశ్రీ అని కూడా చెప్పు. పో!”

దండల కింద పేజీ దాచుకుని నాగులమ్మ గేటు దాటింది. ముఠా మనుషులు పక్కకు జరిగి దారి ఇచ్చారు. కోమలి కదల్లేదు, కదిలే వీల్లేదు. ఏకాంబరం మైకు ద్వారా కమ్మలోంచి మేయర్ గొంతు వినిపించింది.

“పన్ను మినహాయింపు తీర్మానం. సభ్యులు ఆమోదిస్తున్నారా?”

కుర్చీలు కదిలిన చప్పుడు. అంతలో ఒక కేక.

“యోవ్, ఎర్ర పెన్సిలూ! కదంబం ఏడు మూరలు!”

తర్వాత ఏకాంబరం గొంతు. “అధ్యక్షా, ఒక్క నిమిషం. ఆ ఫైల్లో ఏడో పేజీ నకిలీది.”

పావుగంట తర్వాత ఇద్దరు మహిళా కానిస్టేబుళ్ల మధ్య రాజశ్రీ బయటికొచ్చింది. వెనకాలే వచ్చిన ఏకాంబరం కారు తలుపు తీసి బెల్టు విప్పాడు.

“వెల్ డన్. షాపుల షరతుతోనే పాసయింది. ఆ ఎడమచెయ్యి ఏమైంది?”

“విరిగింది సార్.”

“అయ్యో, వెంటనే కట్టు కట్టించాలి.”

“కట్టు పొద్దున్నే కట్టించాను సార్. విరగడమే కాస్త లేటయింది.”