ఐదో వంతు

సముద్రం పోటెత్తితే ఉప్పాడ పైకి లేస్తుంది. పాటు వస్తే కిందికి దిగుతుంది. పాత ఉప్పాడను నీళ్లు మింగేసి నలభై ఏళ్లయింది. ఇప్పుడున్నది తేలే ఉప్పాడ. పీపాల మీద ఇళ్లు, ఇళ్ల మధ్య పలకల వీధులు, ఇంటికో మగ్గం. ఆ ఊళ్లో నిద్ర లేవడమంటే ఒక కలలోంచి ఇంకో కలలోకి జారడమే. నేల ఊగుతుంది. గోడ మీద నీటి వెలుగు పాకుతుంది. ఉట్టి మీది కుండ ఎవరో జోకొడుతున్నట్టు అటూ ఇటూ కదులుతుంది.

2094లో అలాంటి ఒక ఉదయం నూకరత్నం ఇంట్లో నలుగురు కూర్చుని మూలుగుతున్నారు.

"నా కాళ్లు నావి కావే తల్లీ," అంది నూకరత్నం, మోకాళ్లు పట్టుకుని.

"నీకు కాళ్లేగా అమ్మా! నాకు భుజాలు. గిన్నె ఎత్తుతుంటే కొండెత్తినట్టుంది," అంది కూతురు సత్తెవేణి.

"మీరు ఆడోళ్లు, ఓర్చుకుంటారు. నాకు నరం నరం గుంజేత్తంది," అన్నాడు కొడుకు వీరబాబు.

పక్కింటి అప్పలకొండ మాస్టారు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "నేను పరాయివాణ్ణండీ. అయినా మీకంటే ఎక్కువ మోస్తున్నాను. ఒక్కళ్లన్నా ఒక్క మంచిమాట అన్నారా? అనరు. ఆయ్."

మగ్గం దగ్గర కూర్చున్న లోవమణి నవ్వుకుంది. ఆమె వీరబాబు భార్య. ఆరో నెల. నలుగురూ మోస్తున్నామంటున్నది ఆమె అలసటనే.

లోవమణికి మల్టిపుల్ స్క్లెరోసిస్. నరాల మీద మైలిన్ అనే పొర ఉంటుంది, నాడీతొడుగు. ఒంటిని కాపాడాల్సిన సైన్యమే దారి తప్పి ఆ తొడుగును కొరికేస్తుంది. తొడుగు ఊడిన తీగలో కబురు సగం దూరం పోయి ఆగిపోతుంది. కాలు లేవమంటే లేవదు. చూపు మసకేస్తుంది. అన్నిటినీ మించింది అలసట. పని చేస్తే వచ్చే అలసట కాదది, పడుకుంటే పోయేదీ కాదు. బయటికి కనపడదు. రక్తం కారదు, జ్వరం కాయదు. అందుకే ఎవరూ నమ్మరు. జనానికి కట్టు కనపడితేనే దెబ్బ.

జమ్దానీ మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. పక్కపక్కన కూర్చుని, చెరో వైపు నుంచి పూల బుటాలు ఎక్కిస్తూ రావాలి. లోవమణి చెయ్యి మధ్యలో ఆగిపోయినప్పుడల్లా పక్కన కూర్చున్న అత్త విసుక్కునేది. "ఏం, మళ్లీ వేషాలా? మేం కనలేదా, పెంచలేదా, నెయ్యలేదా?" ఎనిమిదేళ్లు ఇదే పాట. సత్తెవేణి వంత పాడేది. వీరబాబు ఏమీ అనేవాడు కాదు. ఏమీ అనకపోవడం కూడా అనడమే.

గర్భం నిలిచినప్పుడు గట్టు మీది పెంపక అర్హత మండలి నుంచి కాగితం వచ్చింది. తల్లికి దీర్ఘవ్యాధి ఉంటే ఆమె అలసటను పంచుకోవడానికి ఇంటి దగ్గర నలుగురు ఉండాలి. లేకపోతే పుట్టిన బిడ్డ ఐదేళ్లు నిండేదాకా శిశు కేంద్రంలో పెరుగుతుంది. చచ్చినవాణ్ణి మోయడానికి ఊరంతా వస్తుంది. బతికున్నదాన్ని మోయడానికి నలుగుర్ని చట్టం పెట్టి వెతకాల్సి వచ్చింది, అదీ ఆ కాలపు గొప్ప.

పంచుపట్టీ కనిపెట్టింది డాక్టర్ రహిమున్నీసా. చూడ్డానికి వేలెడు వెడల్పున్న నేత గుడ్డ, మణికట్టుకు కట్టుకునేది. గుడ్డ అడుగున సెనగబద్దంత సెన్సర్ ఉంటుంది. డాక్టరమ్మ దానికి పెట్టిన పేరు 'స్పర్శకన్ను'. రోగి మెదడులో పుట్టే అలసట సంకేతాన్ని ఆమె పట్టీ చదువుతుంది. అక్కడ కొంత నొక్కేసి, నొక్కినంతా మిగతా పట్టీలకు పంపుతుంది. ఆ కన్ను చర్మానికి తగిలి ఉన్నంతసేపూ ఆ అలసట వాళ్ల మెదడులో పుడుతుంది. నలుగురు కట్టుకుంటే రోగితో కలిపి ఐదుగురు, తలా ఐదో వంతు. ఒకరు తప్పుకుంటే ఆ వంతు మిగతావాళ్ల మీద పడుతుంది. ఎవరు ఎంత మోశారన్నది ప్రసవం అయ్యేదాకా ఎవరూ చూడకూడదని డాక్టరమ్మ నియమం పెట్టింది. ఇంట్లో దెబ్బలాటలు రాకూడదని ఆమె ఉద్దేశం. పట్టీ పైన మాత్రం చిన్న ఆకుపచ్చ దీపం వెలుగుతుంటుంది.

పట్టీలు కట్టుకున్న రోజు నుంచి లోవమణి తేలికైపోయింది. నీటి మీద ఇల్లు, ఇంట్లో ఆమె, ఆమెలో బిడ్డ. ఒకదానిలో ఒకటి తేలుతున్నట్టుండేది. మధ్యాహ్నం కిటికీ దగ్గర పడుకుంటే బిడ్డ ఊగుతోందో తను ఊగుతోందో తెలిసేది కాదు. అత్త ఆమె చేతిలోంచి బిందె లాక్కునేది. "ఇలా ఇయ్యి. నీ నీరసం నా కాళ్లల్లో ఉంటే నువ్వు మొయ్యడమేంటి?" సత్తెవేణి వండేది. వీరబాబు బట్టలుతికేవాడు. మాస్టారు వచ్చి మగ్గానికి నూలు కండెలు చుట్టిపెట్టేవాడు. ఒకప్పుడు వేషాలన్నవాళ్లే ఇప్పుడు వీధిలో పోయేవాళ్లను ఆపి మరీ చెప్పేవాళ్లు. "మా పిల్ల ఇన్నేళ్లూ ఎలా ఓర్చుకుందో గానండి, మామూలు జబ్బు కాదిది!"

ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజున ఉయ్యాల వేద్దామనుకున్నారు. ఆ ఉదయమే రహిమున్నీసా పడవ దిగింది. వాకిట్లో ఆడవాళ్లు బిడ్డకు నీళ్లు పోస్తున్నారు. స్నానాలకని విప్పిన నాలుగు పట్టీలూ మగ్గం గుంజకు వేలాడుతున్నాయి. డాక్టరమ్మ తన పరికరాన్ని ఒక్కోదానికీ తాకించి చూసింది. మళ్లీ మొదటినుంచి చూసింది.

"లోవమణీ, తలుపు వెయ్యి."

"ఏవైందండీ?"

"సున్నా. నాలుగూ సున్నాలే. వీళ్లు ఒక్క రోజు కూడా ఏమీ మోయలేదు."

లోవమణికి నవ్వొచ్చింది. "అదేంటండీ! మా అత్తకి నిలబడితే కళ్లు తిరిగేవి. మాస్టారు మంచం కూడా పట్టారు!"

డాక్టరమ్మ ఒక పట్టీని తిప్పి చూపించింది. స్పర్శకన్ను మీద పసుపు. నువ్వుల నూనెలో కలిపి పూసిన పసుపు, పొర మీద పొర ఎండి నేతలోకి ఇంకిపోయింది. లోవమణికి గుర్తొచ్చింది. మగ్గానికి దువ్వెన లాంటి కొత్త పన్నె వచ్చినా, కొత్త కత్తెర వచ్చినా పసుపు రాయనిదే ఆ ఇంట్లో ఎవరూ ముట్టరు. పట్టీలొచ్చిన రోజు అత్త నాలుగింటినీ దేవుడి ముందు పెట్టింది. ఆ తర్వాత ప్రతి శుక్రవారం మళ్లీ పూసింది. లోవమణి పట్టీ ఒక్కటే తప్పించుకుంది. జబ్బు మనిషి వస్తువు పూజలో పెట్టకూడదని అత్త దాన్ని పక్కన పడేసింది.

"మరి దీపం వెలుగుతోంది కదండీ?"

"అది చార్జి ఉందని చెప్పే దీపం. పని జరుగుతోందని చెప్పేది కాదు." రహిమున్నీసా నుదురు కొట్టుకుంది. "చెమటకి చూశాను, ఉప్పునీటికి చూశాను, సబ్బుకి చూశాను. పసుపు తోచలేదు. నాదే తెలివితక్కువతనం."

"అయితే నేను తేలిగ్గా ఎలా ఉన్నానండీ?"

"కడుపులో బిడ్డ పరాయి ఒళ్లు కదా. దాన్ని బతకనివ్వడానికి తల్లి ఒంట్లోని సైన్యం కత్తి దించుతుంది. అందుకే కడుపుతో ఉన్నప్పుడు ఈ జబ్బు చాలామందికి నెమ్మదిస్తుంది. వందేళ్లుగా తెలిసిన సంగతే. మిగతాది వీళ్ల చాకిరీ. బిందె ఎత్తారు, వండారు, ఉతికారు. అలిసిపోయారు. అది వాళ్ల సొంత అలసటే. నీదనుకున్నారు, అంతే." పట్టీని మళ్లీ గుంజకు తగిలించింది. "ప్రసవం తర్వాత కొన్ని నెలలు తిరగబెట్టొచ్చు. నీకు మొదలైందా?"

లోవమణి తల వంచుకుంది. "వారమైందండీ. ఎడమ చేత్తో పిల్ల తల పట్టుకుంటే, పట్టుకున్నానని కళ్లు చెబుతున్నాయి. చెయ్యి చెప్పట్లేదు. ఎక్కడ జారిపోద్దోనని ఒళ్లో దిండు పెట్టుకుని పాలిస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు."

"నరాల వాపుకి మందు ఇస్తాను. దారికి రావడానికి వారాలు పడుతుంది. రేపే మండలి తనిఖీ. అప్పటికీ నాలుగూ సున్నా ఉంటే..."

వాకిట్లో బిడ్డ నీళ్లకు ఉలిక్కిపడి ఏడుస్తోంది.

"చెప్పి తుడుద్దామా?" అంది డాక్టరమ్మ.

"చెబితే గట్టిపడిపోతారండీ. వేషాలని ఎనిమిదేళ్లు అన్నారు. ఒక్కసారి తగలనివ్వండి. తర్వాత నేనే చెబుతాను. ఉంచుకుంటారో విప్పుకుంటారో వాళ్లిష్టం."

ఇద్దరూ తడిగుడ్డతో, కొబ్బరినూనెతో నాలుగు కళ్లూ తుడిచారు.

ఉయ్యాల చుట్టూ నలుగురూ పట్టీలు కట్టుకుని నిలబడ్డారు. సత్తెవేణి జోల ఎత్తుకుంది. రెండో చరణం సగంలో గొంతు ఆగిపోయింది. అక్షతలు తీసిన మాస్టారి చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. వీరబాబు గోడకు ఆనుకున్నాడు. నూకరత్నం ఉన్నచోటే కూలబడింది. ఎవరూ మూలగలేదు. మూలగడానికి కూడా ఓపిక కావాలి. ఆ నిశ్శబ్దంలో లోవమణి ఒక్కతే దూదిపింజలా లేచింది, చెయ్యింకా మొద్దుబారే ఉన్నా. బిడ్డను కుడిచేతి మీద పడుకోబెట్టుకుని కిటికీదాకా నడిచింది. నీటి వెలుగు బిడ్డ ముఖం మీద పాకింది.

"బ్యాటరీ పాడైనట్టుంది," అన్నాడు వీరబాబు నెమ్మదిగా.

"కాదు బావా. ఇప్పుడే బాగైంది." లోవమణి పసుపు సంగతి చెప్పింది, తుడిచిన సంగతీ దాచలేదు. "విప్పుకునేవాళ్లు విప్పుకోండి. నేనేమీ అనుకోను."

"ఇదా నీకుండేది?" అంది సత్తెవేణి, మాట కూడదీసుకుని. "ఇదంతానా?"

"అంతా కాదమ్మా," అంది రహిమున్నీసా. "ఇది ఐదో వంతు."

ఎవరూ విప్పలేదు. నలుగురి మధ్యలో ఎవరు విప్పుతారు? మర్నాడు పొద్దున్నే స్నానాలకు పోతూ మగ్గం గుంజకు తగిలించారు. లోవమణి లేచేసరికి నడుములోంచి కాళ్లదాకా సీసం పోసినట్టుంది. గుంజ పట్టుకుని నిలబడి పట్టీలు చూసింది. మూడే ఉన్నాయి. తిప్పి చూసింది. మూడు కళ్ల మీదా తడి పసుపు. ఒకళ్లు పూసినట్టు ఇంకొకళ్లకి తెలియదు కాబోలు, మూడూ మూడు రకాలుగా ఉన్నాయి. చెరగకుండా దట్టంగా మెత్తింది సత్తెవేణి. గీత గీసినట్టు నీటుగా ఉన్నది మాస్టారిది. మూడోదాన్ని అలికిన వేలిగుర్తు లోవమణి ఎక్కడున్నా పోల్చగలదు. అది వీరబాబు బొటనవేలు.

వాళ్లు దుర్మార్గులు కారు. పనంటే చేస్తారు, ఎంతైనా చేస్తారు. ఎదుటివాళ్ల బాధ మాత్రం తెలిసేంత దగ్గరికి రాకూడదు, అంతే.

మండలి తనిఖీదారు పదిగంటల పడవకు వచ్చాడు. గట్టు మీద మనిషి. అప్పుడే పోటు ఎక్కుతోంది, ఇల్లు ఉయ్యాలలా లేస్తోంది. రెండు పలకలు నడిచేసరికి అతని ముఖం ఆకుపచ్చబడింది. సంచిలోని పరికరం సంచిలోనే ఉంది.

"పట్టీలు చూపించండి," అన్నాడు నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని.

నలుగురూ చేతులు చాపారు. నాలుగు దీపాలూ వెలుగుతున్నాయి.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు. వెలుగుతున్నాయిగా. తల్లి అర్హురాలు." సంతకం పెట్టి గుమ్మం దాటీ దాటకుండానే పలకల సందులోంచి సముద్రంలోకి కక్కుకున్నాడు.

బిడ్డ ఇంట్లోనే ఉండిపోయింది. వీరబాబు ఆ రోజంతా బిడ్డను కింద దించలేదు, భార్య ముఖం వైపు చూడనూ లేదు. సత్తెవేణి రెండు పూటల వంటా ఒకేసారి చేసేసింది. మాస్టారు వారానికి సరిపడా కండెలు చుట్టాడు. ముగ్గురూ మునుపటికంటే గట్టిగా మూలిగారు.

నూకరత్నం మాత్రం మగ్గం పక్కన చాప మీద పడుకుంది. ఆమె పట్టీ విప్పలేదు, పట్టీతోనే స్నానం చేసింది. పొద్దెక్కేకొద్దీ ఆమె కదలడం తగ్గిపోయింది. ముగ్గురు తప్పుకుంటే మిగిలింది ఇద్దరు. ఇప్పుడు ఆమెది ఐదో వంతు కాదు, సగం.

పాలు తాగి బిడ్డ నిద్రపోయింది. లోవమణి అత్త పక్కన కూర్చుంది. డెబ్బై ఏళ్ల ఒళ్లు. కళ్లు తెరిచి కప్పు వైపు చూస్తోంది, కంటి కొసల్లోంచి నీళ్లు చెవుల్లోకి పోతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి లేవడం లేదు. లోవమణి దేవుడి గూట్లోంచి పసుపు భరిణె తెచ్చింది. కొంచెం వేలికి తీసుకుని, అత్త మణికట్టు మెల్లగా తిప్పి, పట్టీ అంచు ఎత్తింది.

నూకరత్నం ఆ వేలు పట్టుకుంది. పట్టులో బలం లేదు.

"ఎనిమిదేళ్లు," అంది. చాలాసేపటికి గాని రెండో మాట రాలేదు. "వేషాలన్నాను గదే."

"పోనీ అత్తా. కాసేపు కప్పుతాను. మళ్లీ తుడుస్తాను."

"కప్పింది చాలు." నూకరత్నం ఆమె వేలిని తన చీరకొంగుకేసి తుడిచింది. తుడిచి, రెండు ఊపిర్లు పీల్చుకుంది. "నన్ను లేపి కూచోబెట్టు. మగ్గం మీద నువ్వొక్కదానివీ ఎలా నేస్తావు?"