జరిపిన బల్ల

ఆదివారం పొద్దున టీ గ్లాసు భర్త చేతికి అందిస్తూనే ఆమె మాట మొదలుపెట్టింది.

"అక్కావాళ్ళ వీధిలో ఇల్లు ఖాళీ అయింది. నిన్న వెళ్ళి చూసొచ్చాను. వంటింట్లోకి నేరుగా ఎండ పడుతుంది."

"నాకు చెప్పకుండానేనా?"

"చెబితే మీరేమంటారో తెలుసుగా."

అతను టీ ఊదుకుంటూ, "ఇంకొక్క ఏడాది ఆగుదాం" అన్నాడు.

"పోయినేడాదీ ఇదే పాట పాడారు."

అతను ఇరవై రెండేళ్ళు సిటీ బస్సు నడిపినవాడు. చూపు తగ్గుతూ తగ్గుతూ వచ్చి, రెండేళ్ళ కిందట పూర్తిగా పోయింది. ఉద్యోగం పోయినా వీధిలో అందరికీ ఇప్పటికీ డ్రైవరుగారే. ఆమె వీధి చివరి దుకాణంలో స్కూలు యూనిఫారాలు కుడుతుంది. రోజంతా మిషను తొక్కి, మూడంతస్తులు ఎక్కి ఇంటికొస్తే గోడల నిండా చెమ్మ. కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ. కాపురానికి వచ్చిన కొత్తలో ముచ్చటపడిన ఇల్లే. ఇప్పుడు తాళం తీస్తుంటేనే ప్రాణం ఉసూరుమనేది.

"అసలు ఈ కొంపలో మీకేం కనిపించింది?" అందామె. అంతటితో ఆగినా బాగుండేది. "మీకేం, ఈ గోడలు మీకు కనబడవు. చూడాల్సింది నేను."

అతను గ్లాసు కింద పెట్టేశాడు. టీ ఇంకా సగం ఉంది. ఆమె నాలుక కరుచుకుంది గానీ, తప్పైందనడానికి నోరు రాలేదు. మూలన కూర్చుని జడ వేసుకుంటున్న పదో తరగతి కూతురు తల్లి వంక ఒక్క చూపు చూసి, "పద నాన్నా, మంగలి షాపు ఖాళీగా ఉంటుంది" అంటూ తండ్రిని తీసుకెళ్ళింది.

ఒంటరిగా మిగిలాక ఆమెకు పౌరుషం ముంచుకొచ్చింది. ఇల్లు మారనివ్వకపోతే పోనీ, ఉన్న ఇంటి మొహమైనా మారుద్దామనుకుంది. కొంగు బిగించి మంచాన్ని కిటికీ కిందికి ఈడ్చింది. బీరువాను అటు తోసింది. గోడవారనుండే భోజనాల బల్లను హాలు మధ్యకు లాగింది. నడుము పట్టేసింది గానీ గది కాస్త కొత్తగా కనబడింది.

అప్పుడే మెట్లమీద కర్ర చప్పుడు వినిపించింది. కూతురు కింద స్నేహితురాలితో ఆగిపోయినట్టుంది, అతనొక్కడే పైకి వచ్చాడు. ఎప్పటిలాగే కర్రను తలుపు పక్కన పెట్టాడు. ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆగండి అనడానికి వ్యవధి ఉంది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, "నా బాధేంటో తెలిసిరానీ" అనుకుంది. అతను బల్లకు తట్టుకుని ముందుకు పడ్డాడు. బల్ల అంచు తగిలి కనుబొమ చీలింది.

ఆస్పత్రిలో ఏడు కుట్లు వేశారు. ఎలా తగిలిందని నర్సు అడిగితే, "నా ఇంట్లో నేనే తొందరపడ్డానమ్మా" అన్నాడు. ఆ మాట ఆమెను చెంపదెబ్బకన్నా గట్టిగా తాకింది.

ఆ సాయంత్రమే సామానంతా మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. అతను ఇంట్లో కూడా కర్ర వదలడం మానేశాడు. గోడలు తడుముకుంటూ నడిచేవాడు. బాత్రూముకు వెళ్ళాలన్నా, "కాస్త చెయ్యి పట్టుకుంటావా?" అని అడిగేవాడు. మునుపు నీళ్ళు కూడా తానే ముంచుకు తాగే మనిషి, సొంత ఇంట్లో చుట్టంలా ముడుచుకుని కూర్చున్నాడు. దుకాణంలో ఆమెకు సూది దించిన ప్రతిసారీ ఆ ఏడు కుట్లే గుర్తొచ్చేవి.

నాలుగోరోజు వంటింట్లో కూతురు నిలదీసింది.

"అమ్మా, నువ్వు దుకాణంలో ఉన్నప్పుడు మధ్యాహ్నాలు నాన్న ఏం చేసేవాడో తెలుసా?"

"ఎప్పుడు?"

"చూపు ఇంకా కొంచెం ఉన్నప్పుడు. కళ్ళకు తువ్వాలు కట్టుకుని ఇల్లంతా తిరిగేవాడు. అడుగులు లెక్కపెట్టేవాడు. ఒకరోజు స్కూలునుంచి తొందరగా వచ్చి చూసేశాను. చూపు నిలవదని డాక్టరు చెప్పిన సంగతి నీకప్పటికి తెలీదు. చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకున్నాడు."

ఆమె చేతిలోని గరిటె అలాగే ఆగిపోయింది.

"ఏడాది పట్టిందమ్మా నేర్చుకోడానికి. అప్పుడు తడబడితే తువ్వాలు తీసి చూసుకునేవాడు. కొత్త ఇంట్లో తడబడితే ఏం తీసి చూసుకుంటాడు?"

ఆమె పొయ్యి ఆపి, భర్త దగ్గరికి వెళ్ళి నేలమీద కూర్చుంది.

"మీకో మాట చెప్పాలి. బల్ల జరిపిన సంగతి చెప్పడం నేను మర్చిపోలేదు. మీరు లోపలికి రావడం చూశాను. ఆపగలిగీ ఆపలేదు."

"తెలుసు" అన్నాడతను. "నువ్వు ఊపిరి బిగబట్టడం వినిపించింది."

"మరి ఆస్పత్రిలో అలా ఎందుకన్నారు?"

"మన ఇంటి సంగతి ఆవిడకెందుకు?"

ఆమె అతని మోకాళ్ళమీద తల ఆనించి ఏడ్చింది. అతను వెంటనే ఓదార్చలేదు.

"కోపం రాలేదని కాదు. ఇంకా కొంచెం ఉంది కూడా" అన్నాడు. "కానీ నా తప్పూ ఉంది. ఎండ పొడ లేని ఇంట్లో నువ్వు ఉక్కిరిబిక్కిరవుతున్నావని నాకు తెలీదా? నా కోసం ఇక్కడే ఉండిపో అని అడగడానికి సిగ్గేసింది. ఏడాది, ఏడాది అంటూ నెట్టుకొచ్చాను."

ఆమె కళ్ళు తుడుచుకుంది. కొంగు తీసి కళ్ళకు కట్టుకుని లేచి నిలబడింది. "మీకు తెలిసిన ఇల్లు నాకూ చూపించండి."

అతను తటపటాయించాడు. చివరికి కర్ర పక్కన పెట్టి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మొదట పాదంతో నేల తడుముతూ నడిచాడు. నాలుగడుగులు వేశాక నడక స్థిరపడింది.

"ఇక్కడ పాదం కింద బండ కదులుతుంది, తెలిసిందా? ఎడమకు తిరిగితే వంటిల్లు. ఇక్కడ కొంచెం గాలి తగులుతుంది, అంటే కిటికీకి ఎదురుగా ఉన్నాం." పడకగది గుమ్మం దగ్గర ఆమె వేలును చెక్కమీద పెట్టాడు. "ఈ గీతలు చూడు. ఇది మన పిల్ల ఎత్తు, రెండేళ్ళప్పుడు. ఇది బళ్ళో వేసినప్పుడు. ఇక్కడ నువ్వు గీస్తుంటే అది మునివేళ్ళమీద లేచి మోసం చేసింది."

కత్తెర మొనతో ఆ గీతలు గీసింది ఆమే. వాటిని చూసి ఎన్నేళ్ళయిందో ఆమెకు గుర్తులేదు. రోజూ కళ్ళు తెరుచుకునే ఈ గుమ్మం దాటుతోంది. గోడకు నుదురు ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది.

"గోడ తడపకు," అన్నాడతను. "అసలే చెమ్మ."

ఏడుపులోనే ఆమెకు నవ్వొచ్చింది. వంటింటి గుమ్మంలో కూతురు కూడా ముక్కు తుడుచుకుంటూ నవ్వింది.

మర్నాడు అక్కకు ఫోను చేసి ఆ ఇల్లు వేరెవరికైనా ఇచ్చుకోమని చెప్పింది.

"ఆ కొంపలో ఏముందని పట్టుకు వేలాడతావే?"

"మొన్నటిదాకా నాకూ తెలీదక్కా."

నెల తిరిగాక ఒక ఆదివారం తల్లీ కూతుళ్ళు గోడకు చెమ్మపట్టిన సున్నం గీకి, పసుపు రంగు వేశారు. ఏ రంగని అతను అడిగితే, ఎండ రంగని ఆమె చెప్పింది. అతను అరచేత్తో తడిమి చూశాడు. పచ్చిగా ఉన్న రంగు చేతినిండా అంటుకుంది. ఆమె గుడ్డ తడిపి ఒక్కొక్క వేలూ తుడిచింది. తర్వాత అతని కనుబొమకేసి చూసింది. గాయం మానింది, మచ్చ మాత్రం ఉండిపోయింది. ఎన్నాళ్ళున్నా ఆ మచ్చ తనదే అనుకుంది. వంగి, దానిమీద మెల్లగా పెదవులు ఆనించింది.