మూల గదిలో తిరగరాత

ఆ కాంప్లెక్సులో మూల గది మంచిది కాదు. ఈ మాట చెప్పేటప్పుడు అందరూ గొంతు తగ్గిస్తారు. అద్దె సంగతి వచ్చేసరికి మాత్రం గొంతు మామూలుగానే ఉంటుంది.

కింది అంతస్తులో, వరండా చివర, మెట్ల నీడ పడే చోట ఉంటుంది ఆ గది. పగలు చూస్తే ఏమీ లేదు. తుప్పు పట్టిన షట్టరు, పగిలిన వెంటిలేటరు, దాంట్లోంచి బయటికి వేలాడే మూరెడు పొగగొట్టం. పొద్దుగూకాకే కథంతా. వరండా లైట్ల కోసం వాచ్‌మన్ తాత మెయిన్ వేస్తాడు. వేసీ వేయగానే మూసిన షట్టరు వెనకాల... గర్ర్‌మని ఏదో ఒళ్ళు విరుచుకుంటుంది.

ఒక్క క్షణం ఏమీ వినపడదు.

తర్వాత ఏడుపు. సన్నగా, ఆగి ఆగి. కీఁ... కీఁ... కీఁ...

గాలి ఇటు తిరిగిన రోజున వాసన కూడా. వెంట్రుకలు కాలిన వాసన.

ఒకావిడ అందులో కాలి చచ్చిపోయిందట. ఇది పై అంతస్తు టైలరు మాట. కాలి కాదు, ఉరేసుకుందని జెరాక్సు షాపాయన. రెండూ కాదు, ఏదో మింగిందని ఇంకొకాయన. ఆవిడ ఎలా చచ్చిందో ప్రతివాడికీ వివరంగా తెలుసు, పక్కన నిలబడి దీపం పట్టుకున్నట్టు. బతికుండగా ఆ గదిలో ఏం పని చేసేదని అడిగితే మాత్రం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు.

"ఏదో చేసేదమ్మా. ఆడమనిషి."

అయినా ఈ దెయ్యాలన్నీ ఆడవాళ్ళే ఎందుకవుతారో నాకెప్పుడూ అర్థం కాదు. చచ్చిపోయే మగవాళ్ళకి తీరని కోరికలంటూ ఏమీ మిగలవు కాబోలు.

ఇదంతా నాకు చెప్పింది మా అక్క. సొంత అక్క కాదు, పెద్దమ్మ కూతురు. విన్నది విన్నట్టే చెప్తాను. మధ్యలో నా నోరు కాస్త లేస్తే అది నా అలవాటు, కథ తప్పు కాదు.

అక్క షీల్డులూ కప్పులూ అమ్మే ఒక షాపులో ఏళ్ళ తరబడి పనిచేసింది. పరుగు పందెంలో గెలిచినవాడి పేరు, పాటల పోటీలో గెలిచినదాని పేరు, రిటైరైన ప్రతి పెద్దమనిషి పేరూ లేజర్‌తో చెక్కింది. "నీ చెయ్యి బంగారం తల్లీ" అనేవాడు ఓనరు. అని, ఆ చెక్కుడు కింద తన షాపు పేరు వేయించుకునేవాడు. ఒకరోజు అక్క ఆ ఉద్యోగం మానేసి తన పేరుతో ఒక బోర్డు చేయించుకుంది. బోర్డు తయారైంది. తగిలించడానికి గోడే లేదు.

అలా దొరికింది మూల గది. ఇచ్చింది సెక్రటరీ గారు.

ఆయన ఆ కాంప్లెక్సు షాపుల సంఘానికి సెక్రటరీ. ఎన్నిక ఎప్పుడు జరిగిందో ఎవరికీ గుర్తు లేదు. మూల గదికి ఆనుకునే ఆయన ఫర్నిచరు షాపు. సోఫాలు, మంచాలు, తలుపుకి నిలువుటద్దం బిగించిన బీరువాలు. సరుకు లోపల పట్టక వరండాలోకి వచ్చి, వరండాలోంచి మూల గది గుమ్మం దాకా పాకింది. మధ్య గోడ తీసేస్తే షోరూం ఎంత విశాలంగా ఉంటుందో ఆయన వచ్చినవాళ్ళందరికీ చేతులు చాపి మరీ చూపించేవాడు. బిల్డింగు అసలు ఓనరు ఎక్కడో దూరాన ఉంటూ, గది ఖాళీగా ఉంచొద్దని కబురు పంపాడు కాబట్టి ఇవ్వక తప్పలేదు.

"నేను ఇవన్నీ నమ్మనమ్మాయ్. చదువుకున్నవాణ్ణి" అన్నాడట అక్కతో, నమ్మని మనిషి అంత వివరంగా ఎలా చెప్పగలడో అంత వివరంగా మొత్తం చెప్పి. "కానీ ఆడపిల్లవి. చెప్పడం నా బాధ్యత."

"గదిలో ఏదో మెషిన్ ఉందన్నారు?"

"ఆవిడదే. లేజరో ఏదో. పాత ఇనుము కింద తీసుకో. నెల టైమిస్తున్నాను. నెలలో పని మొదలుపెట్టకపోతే గది ఖాళీ చెయ్యాలి. అప్పటిదాకా బోర్డు తగిలించకు, తర్వాత పీక్కోవడం నీకే చిన్నతనం."

నెల తిరిగేలోపు ఆ మెషిన్ నడవాలి. నడవకపోతే అక్క బోర్డు చంకన పెట్టుకుని పాత ఓనరు ముందు మళ్ళీ నిలబడాలి. బంగారం లాంటి చెయ్యి కట్టుకుని.

పెద్దమ్మ ఒకటే మాట చెప్పింది. "లేజరైనా దెయ్యమైనా, చీకటి పడేసరికి ఇంట్లో ఉండు."

షట్టరు ఎత్తితే లోపల పట్టా కప్పుకుని కూర్చుంది మెషిన్. ఇన్నాళ్ళూ దాని స్క్రూ ఒక్కటి కూడా ఎవరూ ఎత్తుకుపోలేదు. అంత నమ్మకమైన కాపలా ఏ వాచ్‌మనూ కాయడు. మూత తెరిస్తే లోపల పళ్ళెం మీద అరచేతి వెడల్పు రబ్బరు ముక్క. పైన సగం కాలి, గజిబిజి గీతలు. అక్క దాన్ని కిటికీ గట్టు మీద పడేసింది.

ఆ సాయంత్రమే సంగతి తేలింది. తాత మెయిన్ వేశాడు. మెషిన్ గర్ర్‌మని తల విసిరింది... ఆగింది... కీఁ, కీఁ, కీఁ.

ఏడ్చేది గది కాదు. మెషిన్. దాని స్విచ్చి ఎప్పుడో వేసింది వేసినట్టే ఉండిపోయింది, అంతే. ప్రతి సాయంత్రం కరెంటు తగలగానే లేచి కూర్చుంటోంది.

"అంటే మెషిన్‌లోకి దూరిందమ్మా" అన్నాడు తాత గుమ్మం అవతల నుంచే. ఆయన వాదన ఓడిపోయేది కాదు.

"ఒసే, పసిపిల్ల ఏడిస్తే ఏం చేస్తాం?" అంది అక్క నాతో. "ఆకలేమో, పక్క తడిసిందేమో, ఒక్కొక్కటీ చూస్తాం. నేనూ అదే చేశా."

లోపల ట్యూబులైటు లాంటి పొడుగాటి గాజు గొట్టం ఉంటుంది. కిరణం అందులో పుట్టి, మూడు చిన్న అద్దాల మీద తగిలి తగిలి, చివర అటూ ఇటూ కదిలే తలలోని భూతద్దంలోంచి దిగి కిందున్నదాన్ని కాలుస్తుంది. ఆ అద్దాలు మసిబట్టి పెనంలా ఉన్నాయి. దూదితో, స్పిరిటుతో, ఊపిరి బిగబట్టి తుడిచింది. సాగిపోయిన బెల్టులు బిగించింది. కరెంటు పెట్టెలో సంసారం చేస్తున్న బొద్దింకల్ని ఖాళీ చేయించింది, వాటికి నోటీసు కూడా ఇవ్వకుండా. పొగగొట్టం విప్పితే లోపల నల్లటి, జిగట మసి. అగ్గిపుల్ల చూపిస్తే వెంట్రుకలు కాలిన వాసనే. "రబ్బరు" అనుకుంది అక్క. షీల్డుల షాపులో రబ్బరు కాల్చరు. మరి ఈవిడ ఎందుకు కాల్చింది?

అన్నీ చేసినా కిరణం రాలేదు. తల విసరడం, ఆగడం, ఏడవడం. రోజూ అంతే. సెక్రటరీ గారు గుమ్మంలోంచి తొంగి చూసి, "ఇంకా ఏడుస్తోందా?" అని, జాలిగా నవ్వి వెళ్ళేవాడు.

ఆఖరి సాయంత్రం. షాపులు ఒక్కొక్కటే మూస్తున్నారు. అక్క నేల మీద బోర్లా పడుకుని మెషిన్ వెనకాల నీళ్ళ గొట్టం పట్టుకుంది. గాజు గొట్టం వేడెక్కకుండా చుట్టూ నీళ్ళు తిరగాలి. బకెట్టులో నీళ్ళు పోసింది, చిన్న మోటారు తిరుగుతూనే ఉంది. కానీ మధ్యలో ఒక బుల్లి చక్రం ఉంటుంది. నీళ్ళు పారితే అది తిరుగుతుంది, అది తిరిగితేనే మెషిన్ నమ్ముతుంది. ఆ చక్రానికి నాచు పట్టి, ఎండి, రాయిలా బిగుసుకుపోయింది.

సూదితో గీకింది. ఊదింది. మళ్ళీ గీకింది. చక్రం కదిలింది.

కీఁ... కీఁ... కీ—

ఏడుపు మధ్యలో ఆగిపోయింది.

దెయ్యం కాదు, దాహం. ఇన్నేళ్ళూ అది నీళ్ళడిగింది. జనం దూరం నుంచి దండం పెట్టి వెళ్ళిపోయారు.

అక్క చేతులు తుడుచుకుని, పళ్ళెం మీద ఒక ప్లైవుడ్ ముక్క పెట్టి, మూత దించింది. బటన్ మీదికి వేలు వెళ్ళింది—

చీకటి.

వరండా అంతా చీకటి. ఎక్కడో బీరువా తలుపు కిర్రుమంది.

"ఎవరది?" అంది అక్క.

గుమ్మంలో ఒక వెలుగు లేచింది. ఫోను వెలుగు. దాని వెనక సెక్రటరీ గారి గడ్డం, ముక్కు. కళ్ళున్న చోట రెండు గుంటలు. చేతిలో మడత పెట్టిన కాగితం.

"మెయిన్ నేనే ఆపించానమ్మాయ్. టైమైపోయింది కదా." నోటీసు చాపాడు. "రేపు పొద్దున్నే ఖాళీ చేసెయ్."

"రేపటి దాకా నాకు టైముంది సార్. ఒక్కసారి కరెంటు వెయ్యమనండి. నడవకపోతే నేనే తాళం ఇచ్చేస్తా."

ఆయన చీకట్లో నవ్వాడు. "తాతా, వెయ్యి. ఆ సరదా కూడా తీరనీ."

దూరంగా టక్‌మని చప్పుడు. లైట్లు.

మెషిన్ గర్ర్‌మంది. తల మూలకి వెళ్ళి ఆగింది. ముగ్గురూ ఏడుపు కోసం చూశారు.

రాలేదు.

దాని బదులు... ఎవరూ ఏ బటనూ నొక్కకుండా... తల మెల్లగా పళ్ళెం మధ్యకి జరిగింది. అక్కడ ఒక్క లిప్తసేపు ఆలోచించింది. ఎరుపు రంగు గాజు మూత వెనకాల చిన్న నిప్పు చుక్క వెలిగింది. అటూ ఇటూ, అటూ ఇటూ... చెక్కుతోంది. పొగగొట్టం బుస్సుమని వెంట్రుకలు కాలిన వాసన గదిలోకి కక్కింది.

"నువ్వేనా చేసేది?" అన్నాడు సెక్రటరీ గారు, గుసగుసగా.

అక్క రెండు చేతులూ పైకెత్తి చూపించింది.

తాత వరండాలోనే కూలబడ్డాడు. అటూ ఇటూ, అటూ ఇటూ... ఆగింది. నిప్పు చుక్క ఆరింది.

అక్క మూత ఎత్తి చెక్క బయటికి తీసింది. చుట్టూ అంతా కాలిపోయి, మధ్యలో అక్షరాలు మాత్రం బొబ్బల్లా పైకి లేచి ఉన్నాయి. అక్షరాలే, కానీ ఒక్కటీ తెలిసిన అక్షరం కాదు. కొమ్ములు అటువి ఇటు, తలకట్లు ఇటువి అటు.

సెక్రటరీ గారికి ఊపిరొచ్చింది. ధైర్యం కూడా వచ్చింది. "చూశావా? తిరగబడ్డ రాత. దెయ్యాల పాదాలు వెనక్కి ఉంటాయంటారు, రాతా అంతే. నేను ముందే చెప్పాను. వెంటనే ఖాళీ—"

అక్క వినడం లేదు. చుట్టూ కాల్చి అక్షరాన్ని వదిలేసేది ఎవరు? రబ్బరు కాల్చేది ఎవరు? తిప్పి రాసేది ఎవరు? చెక్కని గుండెల మీద ఆనించుకుని గుమ్మం దాటింది. ఎదురుగా, వరండాలోకి పాకిన సెక్రటరీ గారి బీరువా. దాని నిలువుటద్దం.

అద్దంలో రాత తిన్నగా నిలబడింది.

ఖాళీ చేయను.

వెనకనుంచి చూసిన సెక్రటరీ గారి చేతిలోంచి నోటీసు జారిపోయింది.   మాట్లాడాడు చివరికి. అదీ అక్కతో కాదు, అద్దంతో.

"కానీ... ఆవిడ చావలేదు కదా."



"చావలేదా అయ్యా?" కింద కూర్చున్న తాత మెల్లగా తలెత్తాడు. "మరి ఇన్నేళ్ళ నుంచీ నేను దండం పెట్టుకుని మెయిన్ వేస్తోంది ఎవరికి?"

సెక్రటరీ గారు బీరువా చుట్టూ తిరిగి, అద్దం వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

అక్క కిటికీ గట్టు మీది రబ్బరు ముక్క తెచ్చింది. బోర్డుకి మిగిలిన నల్ల రంగు దానికి రాసి నోటీసు మీద ఒత్తింది. చెక్కకీ రాసి కింద ఒత్తింది. పై వరస రబ్బరుది, కింది వరస చెక్కది. ఒకే చేతి అక్షరాలు.

అందింది.
ఖాళీ చేయను.

మర్నాడు తాత ఎవరెవరినో అడిగి ఆచూకీ తెచ్చాడు. చచ్చిపోయినావిడ బస్టాండు వెనక వీధిలో ఉంది. రబ్బరు స్టాంపుల షాపు. అక్క వెళ్ళేసరికి ముక్కు మీదికి జారిన కళ్ళజోడుతో ఏదో ఆఫీసు ముద్ర కోస్తోంది.

విని, చాలాసేపు నవ్విందట. సెక్రటరీ గారు వారం వారం నోటీసు ఇచ్చేవాడు, ఈవిడ వారం వారం అదే జవాబు రాసిచ్చేది. చెయ్యి నొప్పెట్టి, స్టాంపులు చేసేదాన్ని నాకేం కర్మ అని ఒక స్టాంపు మొదలుపెట్టింది. మొదటి వరస అయ్యింది. సరిగ్గా అప్పుడే ఆయన మూల గదికి కరెంటు తీయించాడు. ఆవిడ వెళ్ళేదాకా మళ్ళీ ఇవ్వలేదు. మెషిన్ మోసుకెళ్ళడానికి వచ్చిన మనుషుల్ని గేటు దగ్గరే ఆపేశాడు.

"కరెంటు పోయొస్తే ఆగిన చోటి నుంచి మొదలుపెట్టేలా పెట్టానమ్మా దాన్ని. మాట మధ్యలో ఆపిస్తే నాకు పడదు."

"మెషిన్ మీదే కదండీ" అంది అక్క. "తీసుకెళ్తారా?"

"చచ్చినదాన్ని, నాకెందుకే?" అందావిడ. తర్వాత కళ్ళజోడు పైకి తోసుకుని, కాస్త ముందుకి వంగి, గొంతు తగ్గించి అడిగింది. "ఇంతకీ నేనెలా పోయానంటున్నారు?"

అక్క చెప్పింది. కాలి, ఉరేసుకుని, ఏదో మింగి.

ఆవిడ చీర ఎంచుకున్నంత సేపు ఆలోచించింది.

"కాలిందే ఉంచండి. వాసన కూడా ఉంది కదా."

ఇప్పుడు మూల గది మీద అక్క బోర్డు ఉంది. మెషిన్ రాత్రి పొద్దుపోయేదాకా నడుస్తుంది. అక్కడ దెయ్యం లేదని కాంప్లెక్సులో ఎవరూ అనరు, అక్క అననివ్వదు. సెక్రటరీ గారి బీరువాలు మాత్రం గుమ్మం దగ్గరనుంచి వెనక్కి జరిగాయి. అద్దాలన్నీ గోడ వైపు తిప్పి పెట్టి అమ్ముతున్నాడు.